మచ్చ ఉన్న ఆకు కోసం విస్కాన్సిన్ వెళ్ళాం

షికాగో బస్ డిపోలో ఉదయం ఏడుంపావుకి బస్సెక్కాం, నేనూ మా అత్తయ్యా. ఎనభై మూడు అక్టోబరు. ఒక సూట్‌కేసు, పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, వాటికి తోడు అత్తయ్య వదలనంటే వదలనన్న వెదురు బుట్ట. "బుట్ట దేనికండీ?" అంటే, "ఊరెళ్తూ ఖాళీ చేతుల్తో పోతామా?" అన్నారు. ఆ జవాబు నాకిప్పటికీ అర్థం కాలేదు గానీ, ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ప్రయాణం ఎందుకో చెప్పాలి. నేనప్పుడు ఒక మ్యూజియంలో ఎండిన మొక్కల్ని అట్టలకు అంటించే ఉద్యోగం చేసేదాన్ని. అక్కడికి ఆకుల పొట్లాలు పంపే డోరతీగారితో ఉత్తరాల స్నేహం కుదిరింది. ఆవిడ విస్కాన్సిన్ ఉత్తరాన ఒక పల్లెలో రిటైరైన బడి టీచరు. దీపం చుట్టూ తిరిగే చిమ్మటల్లో బియ్యపుగింజంత కూడా లేని రకాలున్నాయి. వాటి పిల్లపురుగు ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య దూరి, లోపలి కండ తింటూ దారి తొలుచుకుంటుంది. తన కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, అలాంటివి ఏవేవి ఉన్నాయో వెతికి నమోదు చేయడమే ఆవిడ పని, సరదా, సంసారం అన్నీ.

పక్క కౌంటీలన్నిట్లో దొరికిన ఒక రకం ఆవిడ కౌంటీలో మాత్రం దొరకలేదు. అది ఆస్పెన్ చెట్టు ఆకులో ఉంటుంది. ఆకు పండి, పసుపురంగు తిరిగి, రాలి నేలమీద పడినా పురుగున్న చోట మాత్రం ఆకుపచ్చగానే ఉండిపోతుంది. "నా చూపు పోతోంది. వచ్చే ఏడు భూతద్దం పెట్టినా కనబడదంటున్నారు డాక్టరు. ఈసారి దాన్ని నా కళ్ళతో చూడాలని ఉంది, సాయం రాగలవా?" అని రాశారు డోరతీగారు. చదివి ఎలా ఊరుకుంటాను? మావారికి సెలవు లేదు. "నేనొస్తా పద, ఇక్కడ కూచుని ఫ్రిజ్ చప్పుడు ఎంతకని వింటాను!" అన్నారు అత్తయ్య.

మిల్వాకీలో బస్సు మారాం. పన్నెండున్నరకి పులిహోర విప్పేసరికి ఇంగువ వాసన బస్సంతా పాకింది. నాకు సిగ్గేసింది, అత్తయ్యకి వెయ్యలేదు. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ బుట్ట పుట్టగొడుగులకా?" అనడిగాడు. నేను తెలుగులో చెప్తే అత్తయ్య ముక్కు చిట్లించి, ఆయనకి అరచేతిలో ఇంత పులిహోర పెట్టారు. తిని, ఇంకాస్త అడిగాడు. మీరెవరైనా ఆ దారిన వెళ్తే అన్నం వెంట తీసుకెళ్ళండి. బస్సాగే చోట మనం తినగలిగేది బంగాళాదుంప వేపుడొక్కటే.

నాలుగూ నలభైకి దిగాం. డోరతీగారు పొట్టి మనిషి, మగవాళ్ళ కోటు, మెళ్ళో దారానికి భూతద్దం. నా మొహాన్ని దగ్గరగా చూసి, "నువ్వేనా! అక్షరాలు చూసి పొడుగ్గా ఉంటావనుకున్నాను," అన్నారు. మోటెల్లో గది చవక, దుప్పట్లు పల్చన. ఉన్ని మేజోళ్ళు మర్చిపోకండి.

మర్నాడు ఎనిమిదింటికి ఆస్పెన్ తోపుకి వెళ్ళాం. నేలంతా పసుపు పరిచినట్టుంది. అత్తయ్యని ఒక దుంగమీద కూచోబెట్టి మేమిద్దరం వంగి వెతకడం మొదలుపెట్టాం. ఆవిడ చేతులు ఊరుకుంటాయా? కాసేపటికి బుట్ట పట్టుకుని తనూ ఏరడం మొదలెట్టారు. సరే, మంచిదే అనుకున్నాను. సాయంత్రానికి మా సంచుల్లో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆవిడ బుట్ట మాత్రం నిండింది.

ఆ బుట్టంతా డోరతీగారు వంటగది బల్లమీద, దీపం కింద, ఒక్కో ఆకూ భూతద్దంతో చూశారు. కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆఖరి ఆకు పెట్టేసి, "లేదు. మా కౌంటీలో లేదేమో," అని నవ్వబోయారు. అత్తయ్య నా చెవిలో, "అంత మంచి ఆకులు ఏరిస్తే ఏడుస్తుందేమిటే?" అన్నారు.

పొద్దున్న మోటెల్లో కాఫీ కలుపుతుంటే నాకు తట్టింది.

"అత్తయ్యా, అన్ని ఆకుల్లో ఒక్కదానికీ మచ్చ లేదేమిటండీ?"

"ఎందుకుంటుంది? మచ్చలున్నవి తీసేశానుగా! పత్రిలో పుచ్చాకు పెడతామా ఎక్కడైనా?"

"పత్రి ఏమిటండీ?"

"పూజకి కాదూ? అంత భక్తిగా ఆకాకుకీ వంగుతుంటే వాళ్ళకీ వినాయక చవితి లాంటిదేదో ఉందనుకున్నా."

నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. "మచ్చలున్నవి ఎక్కడ పారేశారు?" అన్నాను ఏడుపు గొంతుతో.

"పారెయ్యడమేం ఖర్మ! దేవుడికని ఏరినవి కాళ్ళకింద వేస్తామా? ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టాను."

అప్పటిదాకా చెప్పాలని నాకు తోచని విషయమంతా చెప్పేసరికి ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "అయ్యో, ముండమొయ్య! ఆవిడ కళ్ళు పొడుచుకుని చూసినవన్నీ నేను పనిగట్టుకుని బాగుచేసినవా? లే, లే, నడు!" బస్సు పదకొండున్నరకి. డోరతీగారికి ఫోన్ చేస్తే పైజామా మీదే కోటు తొడుక్కుని ట్రక్కు తెచ్చారు.

రాయి అక్కడే ఉంది. దాని కింద తడి ఆకుల దొంతర, అంచుకి అంచు కలిపి ముచ్చటగా పేర్చి ఉంది. అత్తయ్య గొంతుక్కూచుని ఒక్కొక్కటే తీస్తున్నారు. నల్ల మచ్చ, తుప్పు మచ్చ, చిల్లు. ఆ తర్వాత ఒకటి: పసుపు ఆకు, తొడిమ దగ్గర చింతగింజంత ఆకుపచ్చ. అత్తయ్య దాన్ని కొంగుతో అద్ది, నాకివ్వకుండా తిన్నగా డోరతీగారి చేతిలో పెట్టారు.

డోరతీగారు ఆకుని ఎండకెత్తి భూతద్దం ఆనించారు. "కనబడిందా అని అడుగు," అని అత్తయ్య నా మోచెయ్యి గిల్లారు. నేను అడిగేలోపే డోరతీగారు, "కదిలింది," అన్నారు. "బతికే ఉంది. తింటోంది." భూతద్దం వదిలేసి అత్తయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ ఇంగ్లీషులో, ఈవిడ తెలుగులో, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

బస్సు దొరికింది. కిటికీలోంచి చూస్తే డోరతీగారు ఇంకా ఆ ఆకుని ఎండకి పట్టుకునే ఉన్నారు. అంత దూరం వెళ్ళి ఒక్క జలపాతం చూడలేదు, ఒక్క సరస్సు చూడలేదు. అయినా నేను చేసిన ప్రయాణాల్లో కడుపు నిండినది అదే.

రెండింటికి బస్సు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగింది. కాఫీ తెచ్చేసరికి సీట్లో అత్తయ్య లేరు. బంకు వెనక ఆస్పెన్ చెట్ల కింద, బుట్ట చంకన పెట్టుకుని, ఒక్కో ఆకునీ ఎండకెత్తి చూసి వదిలేస్తున్నారు. డ్రైవరు హారన్ కొడితే గాని రాలేదు.

"ఏమిటండీ ఇది?"

"ఆవిడకి చూపున్నప్పుడే ఇంకోటి పంపిద్దామని."

"దొరికిందా?"

"ఎక్కడే," అన్నారు అత్తయ్య దిగులుగా. "అన్నీ మంచివే."