చంద్రమ్మ మెస్సుకు సొంత గోడలు

మధ్యాహ్నం పన్నెండున్నరకు కొండాపూర్‌లో, మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్న గుంపు వెంట నడిస్తే చంద్రమ్మ మెస్సుకు చేరతారు. పద్నాలుగేళ్లుగా కిరాయి షట్టర్‌లోనే నడుస్తోంది. అన్నం, పప్పు, రెండు కూరలు, జొన్నరొట్టె. వారంలో మంగళ, బుధ, గురువారాల్లో ఆఫీసులు నిండుగా ఉంటాయి కాబట్టి ఆ మూడు రోజులూ మెస్సులో నిలబడే చోటు కూడా ఉండదు.

ఆ చంద్రమ్మ వెనక సందులో తొంభై గజాలు కొన్నది. కింద వంటిల్లు, పైన భోజనాల హాలు అనుకున్నది. దినేష్ అనే కుర్ర ఆర్కిటెక్టు చక్కటి నమూనా గీసిచ్చాడు. ముందంతా అద్దాలు, తలుపు మీద వంపు తిరిగిన కమాను, ఓ పక్క లిఫ్టు. బొమ్మ చూసి చంద్రమ్మ వారం రోజులు గాల్లో నడిచింది.

ఎల్లేశం మేస్త్రీ లెక్క కట్టేసరికి కాళ్లు నేలకు తగిలాయి. బోరబండలో సగం ఇళ్లు తన చేతి మీదుగానే లేచాయని చెప్పుకునే మనిషి ఆయన.

"చంద్రమ్మక్కా, నీ దగ్గరున్న పైసలకు ఇల్లు ముప్పావే లేస్తది. ఇగో, వంటిల్లు నాలుగడుగులు తగ్గిస్తున్న. వెనక మీ ఆడోళ్ల గది, బాత్రూం తీసేస్తున్న. గప్పుడు సరిపోతది" అని పెన్సిలుతో అడ్డగీతలు గీశాడు.

ఆ రోజు చంద్రమ్మ వడ్డనలో తప్పు మీద తప్పు చేసింది. భానుశ్రీ పళ్లెంలో పప్పు రెండుసార్లు వేసి, అన్నం వేయడం మరచిపోయింది. భానుశ్రీది కాకినాడ. పెద్ద పెద్ద ఆఫీసు టవర్లు కట్టే కంపెనీలో ఇంజనీరు, నాలుగేళ్లుగా ఇక్కడే భోజనం. సంగతి అడిగి, నమూనా తెప్పించుకుని, తింటూనే చూసింది.

"కొలతలు కోసుకుంటూ పోతే బిల్డింగు చిన్నదవుతుంది, దాంతోపాటు మీ పనీ చిన్నదైపోతుందండి. మా దగ్గర ఇలాంటప్పుడు అందరూ ఓ పూట కూర్చుని ఒక్కో వస్తువూ దేనికో తేల్చుకుని, అక్కర్లేనివి తీసేస్తారు. ఆదివారం కూర్చుందామా? రొట్టెలు చేసే భాగ్యమ్మగారు కూడా ఉండాలి."

"భాగ్యమ్మ ఎందుకు బిడ్డా?"

"ఆ వంటింట్లో నిలబడేది ఆవిడే కదండీ."

ఆదివారం మెస్సు మూసి ఉంది. రెండు స్టీలు బల్లలు కలిపి వేసి అయిదుగురూ కూర్చున్నారు. ఎల్లేశం ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు. తన లెక్కను ఓ ఆడపిల్ల తిరగదోడుతోందని ఆయన బాధ.

భానుశ్రీ పద్ధతి చెప్పింది. మేస్త్రీ వస్తువు పేరు చదవాలి. అది చేసే పనిని రెండే మాటల్లో చెప్పాలి. మూడో మాట వస్తే ఒప్పుకోరు.

"గోడ" అన్నాడు ఎల్లేశం విసురుగా.

"ఎండ ఆపుతది" అంది భాగ్యమ్మ.

"కిటికీ."

"పొగ పంపుతది."

"అలంకారం సీలింగు."

"పైపులు దాస్తుంది" అన్నాడు దినేష్.

"పైపులను ఎవలు జూస్తరు బాబూ? అందరి కండ్లు పళ్లెంలనే ఉంటయి" అంది చంద్రమ్మ. సీలింగు పోయింది.

"ముందు అద్దాలు."

దినేష్ కాస్త తడబడి, "గొప్ప చూపిస్తాయి" అన్నాడు.

"ఎవ్వల గొప్ప?" అంది చంద్రమ్మ.

"గొప్ప ఎందుకు, నా రొట్టెలు జూపియ్యిండ్రి" అంది భాగ్యమ్మ.

ఎల్లేశం తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయింది. ఆయన దగ్గుతూ నవ్వుతుంటే బల్ల చుట్టూ నవ్వు అంటుకుంది. గోడంత అద్దాలు పోయి, పెనం ముందు ఒక్క పెద్ద కిటికీ మిగిలింది. అక్కడి నుంచి ఎవరూ ఆగలేదు. మేస్త్రీ పేరు చదవడమే ఆలస్యం, నలుగురూ ఒకేసారి అరిచేవాళ్లు. లిఫ్టు దగ్గర చంద్రమ్మ లేచి నిలబడింది.

"ఒక్క అంతస్తే గదా, మనుషులు మెట్లెక్కుతరు. ఎక్కలేనోళ్లకు కిందనే రెండు బల్లలేస్త. పైకి పోవాల్సింది మనుషులు గాదు, సాంబారు."

"అయితే గిన్నెలకు మాత్రమే చిన్న పెట్టె లిఫ్టు చాలండి" అని భానుశ్రీ పెద్ద గీత కొట్టింది.

ఆ ఊపులోనే ఎల్లేశం తరవాతి వరస చదివాడు. "వెనక గది, బాత్రూం." తను కొట్టేసిన గది అది.

"నీళ్లు తాగిపిస్తది" అంది భాగ్యమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"పొద్దున ఆరింటికొస్తం. బాత్రూంకు పోవాలంటే పెట్రోలు బంకు దాక నడవాలె. గందుకే పొయ్యికాడ ఉండి గూడ సాయంత్రం దాక నీళ్లు తాగం" అంది మామూలుగా.

పద్నాలుగేళ్లుగా తానూ తాగడం లేదని చంద్రమ్మకు అప్పుడే తట్టింది. అలవాటైపోయి, అదొక లోటని కూడా గుర్తు లేదు. ఎల్లేశం తన అడ్డగీతను రబ్బరుతో తుడిచాడు. కాగితం చిరిగేదాకా తుడిచి, "గది రెండడుగులు పెంచుతున్న" అన్నాడు.

చివరికి కమాను మిగిలింది. దినేష్ మూడు రాత్రులు కూర్చుని గీసిన వంపు అది.

"ఇది ఏం జేస్తది బాబూ?" అని అడిగింది చంద్రమ్మ.

"ఏం చేయదు ఆంటీ" అని బూట్లకేసి చూసుకున్నాడు. "బాగుంటుంది."

మేస్త్రీ పెన్సిలు ఎత్తాడు. చంద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగుండుడు గూడ పనే గదా. వంద మెట్రో స్తంభాలు దాటుకుంట వచ్చెటోళ్లకు మా వాకిలి బాగుండొద్దా?"

"రాళ్లు అతికించకుంటె చవకల అయితది. ఉత్త ఇటుకతోని తిప్పుత. మా నాయన నేర్పిండు, ఎవ్వలు అడగక మర్చిపోతున్న" అన్నాడు ఎల్లేశం. దినేష్ వెంటనే ఆయన పక్కకు కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరూ నమూనా కాగితం వెనక వైపు ఆ వంపు గీస్తూ మిగతావాళ్లను మరచిపోయారు.

కొత్త లెక్క చేతిలో ఉన్న డబ్బుకు సరిపోయింది. వంటిల్లు ఒక అడుగు పెరిగింది కూడా.

తరవాత ఏడు నెలలూ చంద్రమ్మను పట్టడం కష్టమైంది. కనిపించిన ప్రతిదాన్నీ రెండు మాటల్లోకి దించేది. ఎల్లేశం మీసం ఏం చేస్తదని అడిగితే, "కూలోళ్లను బెదిరిస్తది" అన్నాడాయన గంభీరంగా.

తెరిచింది ఒక మంగళవారం. తొలి సాంబారు గిన్నె పెట్టెలో కూర్చుని గుర్రుమంటూ పైకి వెళ్తే హాలంతా చప్పట్లు. ఖాళీ గిన్నె దిగివచ్చినప్పుడు దానిలో కాగితం ముక్క ఉంది. పప్పు కావాలట. కిటికీ అవతల జనం ఫోన్లెత్తి భాగ్యమ్మ చేతుల్ని వీడియో తీస్తున్నారు. ఆమె రొట్టెను మామూలుకన్నా పెద్దగా తట్టి, కావాలనే ఎత్తుగా తిప్పుతోంది.

రెండింటికి చంద్రమ్మ కొంగుతో చెమట తుడుచుకుని మెట్లెక్కింది. తన హాలులో తను కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఎల్లేశం, దినేష్ ఒకే బల్ల దగ్గర తింటూ, మూసాపేటలో ఎవరిదో దంతాల దవాఖాన కట్టే సంగతి మాట్లాడుకుంటున్నారు. చంద్రమ్మ గోడకు ఆనుకుని నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతున్నారని పక్క బల్ల దగ్గర తింటున్న భానుశ్రీ అడిగితే చెప్పబోయి, రెండు మాటలు కూడా రాక, మళ్లీ నవ్వింది.