తాతయ్య ముందు కాలు మీద కాలు

ఆ రోజుల్లో కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని నాకు తెలియదు. ఊహ తెలిసినప్పటి నుంచీ కూర్చుంటూనే ఉన్నాను కదా, నేలమీద బాసింపట్టు వేసుకునో, మంచం మీద కాళ్లు వేలాడేసుకునో, కాలేజీ బెంచీ మీద నలుగురి మధ్య ఇరుక్కునో. దానికి మళ్లీ పాఠాలెందుకు అనుకునేదాన్ని. ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో మా బాబాయి ఉద్యోగానికని హైదరాబాదు వెళ్లిపోతూ తన పాత గిటారును తెనాలిలో మా ఇంట్లో వదిలేసి వెళ్లాడు. దాన్ని వాయించాలంటే వేళ్లు కావాలి, చెవులు కావాలి, ఓపిక కావాలి అని అందరూ చెప్పారు. ముందు అది ఒళ్లో నిలబడాలి అన్న చిన్న సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మా వీధి చివర చర్చిలో గిటారు వాయించే అన్నయ్య ఒకడు ఉండేవాడు. వీధి మొత్తానికీ ఆయన గిటారన్నయ్యే. సాయంత్రాలు మా వరండాలోకి వచ్చి నాకు ఓపిగ్గా నేర్పేవాడు. ఆయన ఎప్పుడూ నిలబడి, భుజానికి బెల్టు తగిలించుకుని వాయించేవాడు. మా బాబాయి గిటారుకు బెల్టు తగిలించే బొడిపె ఎప్పుడో ఊడిపోయింది. మరి నేనెలా పట్టుకోవాలి అన్నయ్యా అని అడిగితే తల గోక్కున్నాడు. "నేనెప్పుడూ కూర్చుని వాయించలేదు చెల్లెమ్మా. ఆరాధనలో అందరూ నిలబడి పాడుతుంటే నేను కూర్చుంటే ఏం బాగుంటది? నువ్వు ఎలా వీలైతే అలా కూర్చో." ఎలా వీలైతే అలా అన్నాడు గానీ, ఏ రకంగానూ వీలవలేదు. బాసింపట్టు వేసుకుంటే గిటారు పొట్ట మోకాలి మీదికెక్కి నా గడ్డానికి తగిలేది. కుర్చీలో కూర్చుంటే తొడ మీద నుంచి జారి ముందుకు పోయేది. తీగలు నొక్కాల్సిన ఎడమచేతికి గిటారు పారిపోకుండా పట్టుకోవడమే సరిపోయేది.

చివరికి ఫోన్లో వీడియోలు వెతికాను. ఒక తెల్లాయన నవ్వుతూ రెండు దారులు చూపించాడు. ఎడమ పాదం కింద చిన్న ఎత్తు పెట్టుకోవాలి, లేదా కాలు మీద కాలు వేసుకోవాలి. మొదటిది తేలికగా కనిపించింది. (ఆ తెల్లాయన మా అమ్మ ఉన్న ఇంట్లో ఒక్కరోజు ఉండి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.) లావుపాటి పుస్తకం ఒకటి నేలమీద పెట్టి దానిపై కాలు ఆనించానో లేదో, "చదువుకునే పుస్తకం మీద కాలు పెడతావటే? ముందు కళ్లకద్దుకో!" అని అమ్మ అరిచింది. కళ్లకద్దుకుని వెళ్లి బియ్యం కొలిచే మానిక తిరగేసి పెట్టుకున్నాను. "అన్నం పెట్టేదాని మీద కాలా? నీకేమైనా పిచ్చెక్కిందా?" పీట తెచ్చుకున్నాను. "మీ నాన్న దానిమీదే కూర్చుని తింటారు, తెలుసా?" ఇక మిగిలింది పెరట్లో ఇటుక. దాన్ని ఎత్తగానే కింద నుంచి జానెడు జెర్రి బయటికొచ్చింది. నేను ఇటుకనీ వదిలేశాను, పెరటినీ వదిలేశాను. వారం రోజుల పాటు చెప్పులు లేకుండా అటు వెళ్లలేదు. ఇంత సామాను ఉన్న మా ఇంట్లో కాలు పెట్టడానికి పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదని ఆ రోజు తెలిసింది.

అందుకని రెండో దారి పట్టాను. వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, కుడికాలు ఎడమకాలి మీద వేసి గిటారు పెట్టుకుంటే, అంతవరకు మొండి పిల్లలా గునిసిన గిటారు ఒళ్లో బుద్ధిగా కూర్చుంది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఆ సాయంత్రమే మొదటిసారి ఒక పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాను. నెల తిరిగేసరికి నాలుగు పాటలు వచ్చాయి (గిటారన్నయ్య నేర్పినవి కాబట్టి మూడు చర్చి పాటలు, ఒకటి పాత సినిమా పాట). ఆ సంతోషంలో నేను మర్చిపోయింది ఒక్కటే. మా వంశంలో కాలు మీద కాలు వేసుకోవడమంటే ఏమిటో.

మా నాన్నవాళ్ల నాన్న రేపల్లెలో ఉండేవారు, పెదనాన్నతో పాటు. పొలం, వ్యవసాయం, గట్టిగా మాట్లాడనవసరం లేని గొంతు. ఆయన ముందు ఎవరూ కాలు మీద కాలు వేసుకోరు. వేసుకోకూడదని ఆయన ఎన్నడూ చెప్పగా వినలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకసారి మా నాన్న (అప్పటికే తలలో తెల్లవెంట్రుకలున్న మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి) రేపల్లె అరుగు మీద కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నారు. వీధి గుమ్మం దగ్గర తాతయ్య దగ్గారు. నాన్న ఇంకా తల తిప్పలేదు, కాలు మాత్రం దానంతటదే కిందికి దిగిపోయింది. మా అత్తయ్యను చూసుకోవడానికి వచ్చిన ఒక పెళ్లికొడుకు టిఫిన్ తింటూ కాలు మీద కాలేశాడని ఆ సంబంధం వద్దనేశారట. ఈ కథ నాయనమ్మ మాకు చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పేది. వేరే ఇళ్లలో పిల్లలకు బూచాడి కథలు చెబుతారు, మాకు ఆ పెళ్లికొడుకు కథ చెప్పారు.

ఒకరోజు నాన్న కాలేజీ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, "ఆదివారం రేపల్లె వెళ్తున్నాం. గిటారు కూడా తీసుకురా" అన్నారు. పెదనాన్న ఎవరి దగ్గరో విని తాతయ్యకు చెప్పారట, పిల్ల ఏదో వాయిస్తోందని. తాతయ్య "తీసుకురమ్మను, చూద్దాం" అన్నారట. ఆయన "చూద్దాం" అన్నవాటిలో చాలా భాగం మళ్లీ ఎవరూ చూడలేదు.

"ఆయన వద్దంటే?" అన్నాను.

"వద్దంటే బాబాయికి పంపించేయడమే. నన్నేం చేయమంటావమ్మా?" అన్నారు నాన్న. ఆయన నా వైపు కాకుండా గిటారు వైపు చూస్తూ ఆ మాట అన్నారు. ఆదివారం దాకా రోజూ వెనక గదిలోకి వెళ్లాను. తలుపేసుకుని, రెండు కాళ్లూ దగ్గరగా నేలకు ఆనించి వాయించడానికి ప్రయత్నించాను. జారింది. కుర్చీ అంచు మీద కూర్చున్నాను, జారింది. కుర్చీ వెనక్కి వాల్చాను, కుర్చీతో సహా నేను జారాను.

ఆదివారం పొద్దున్న అమ్మ నాకు పట్టు పరికిణీ, ఓణీ కట్టింది, తాతయ్య సంతోషిస్తారని. పట్టు ఎంత నున్నగా ఉంటుందో అంతకు ముందెప్పుడూ గమనించలేదు. రేపల్లె ప్యాసింజర్లో గిటారును రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాను. ఎదుటి సీటులో కొంగున జామకాయలు కట్టుకున్న ఒక పెద్దావిడ, "ఏంటమ్మాయ్ అది, వీణా?" అంది. "కాదండి, గిటారండి" అన్నాను. "మరి అంత బిగబట్టుకున్నావేం, ఎవరన్నా లాక్కుంటారా?" అంది. అవునండి అనబోయి, గిటారును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. రైలు తాపీగా వెళ్తోంది, ప్రతి స్టేషన్లోనూ కాసేపు ఆగుతోంది. అది ఎక్కడైనా పాడైపోయి అక్కడే ఆగిపోతే బాగుండునని మొక్కుకున్నాను. వేళకే చేరింది.

తాతయ్యకు కొత్తగా కంటి ఆపరేషన్ అయింది. పడక కుర్చీలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఆయన ఎటు చూస్తున్నారో అదైనా తెలిసేది, ఆ రోజు అదీ లేదు. నాయనమ్మ గడప పక్కన, పెదనాన్న కిటికీ దగ్గర, నాన్న గుమ్మానికి ఆనుకుని. నేను నేలమీద చతికిలబడబోతుంటే, "కుర్చీలో కూర్చో. కానియ్" అన్నారు తాతయ్య. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయనకు సరిగ్గా ఎదురుగా వేశారు.

కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టాను. పాట మొదటి చరణం చేరకముందే గిటారు పట్టు మీద నుంచి మోకాళ్ల దాకా వచ్చేసింది. చటుక్కున పట్టుకున్నాను. తీగలన్నీ కలిసి పాత్రల బుట్ట కింద పడ్డట్టు మోగాయి. పెదనాన్న నవ్వబోయి, తాతయ్య వైపు చూసి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"మళ్లీ" అన్నారు తాతయ్య.

ఈసారి మడమలెత్తి మునివేళ్ల మీద నిలబెట్టాను కాళ్లని. పిక్కలు వణికాయి, పిక్కలతో గిటారూ, గిటారుతో పాటా వణికాయి. మళ్లీ జారింది. నాకు ముచ్చెమటలు పోశాయి. బాబాయికి పార్సిలు కట్టిన గిటారు కళ్ల ముందు కనిపించింది.

"మళ్లీ."

మూడోసారి ఏం జరిగిందో నేను చెప్పలేను, ఎందుకంటే చేసింది నేను కాదు, నా కుడికాలు. నెల రోజుల అలవాటున అది లేచి ఎడమకాలి మీద కూర్చుంది. గిటారు దాని చోట అది సర్దుకుంది. పాట మొదలైపోయింది. అప్పుడు చూసుకున్నాను. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న గుమ్మాన్ని వదిలేసి నిటారుగా నిలబడ్డారు. పైన ఫ్యాను తప్ప ఇంకేమీ కదలడం లేదు. కాలు దించితే పాట ఆగిపోతుంది, దించకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేదు. నల్లద్దాల్లో నా బొమ్మే చిన్నగా, కాలు మీద కాలేసుకుని కనబడుతోంది. ఆగడానికి కూడా భయమేసి వాయిస్తూ పోయాను. ఒక్క తీగ తప్పలేదు. పాట అయిపోయింది.

తాతయ్య దగ్గారు.

"కాలు దించు."

దించాను.

"ఇప్పుడు వాయించు."

జారింది.

"ఎత్తు."

ఎత్తలేదు. అది నిజంగా ఎత్తమనడమో, ఎత్తు చూద్దాం అనడమో తెలియక నాన్న వైపు చూశాను. నాన్న నేల వైపు చూస్తున్నారు.

"ఎత్తమంటుంటే వినపడదూ?"

ఎత్తాను. వాయించాను. మళ్లీ దించమన్నారు, మళ్లీ ఎత్తమన్నారు. పొలంలో మోటారు బాగుచేయించి స్విచ్చి వేసి, ఆపి, వేసి చూసుకుంటారే, అలాగ. చివరికి పెదనాన్న వైపు తిరిగి, "దించితే జారుద్దిరా. ఎత్తితే ఆగుద్ది" అన్నారు, ఇంకెవరికీ తెలియని సంగతి కనిపెట్టినట్టు.

నాయనమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "ఆడపిల్ల మీ మొహం ముందే కాలు మీద కాలేసుకుంటే, చూస్తా కూర్చున్నారేంటండీ?"

"ఊడ్పులప్పుడు నేను గట్టు మీద నిలబడితే చేలో ఉన్నోళ్లంతా నా ముందు వంగే ఉంటారు. నాకు దణ్ణం పెడుతున్నారా ఏంటి? పనికి వంగారు. వాళ్లు వంగితే నాకు గొప్పా కాదు, ఇది కాలేస్తే నాకు చిన్నతనమూ కాదు." తాతయ్య నాన్న వైపు తిరిగారు. "గిటారు దాని దగ్గరే ఉండనీరా. పక్కన పెట్టాక మాత్రం కాలు దిగాల."

నాన్న పరుగున వచ్చి నా చేతిలోంచి గిటారు అందుకున్నారు, ఆయన మాట మార్చకముందే. నేను లేవబోయాను. అంతసేపు మరో కాలిని మోసిన నా ఎడమకాలు అప్పటికే మొద్దుబారిపోయి ఉంది. ఒక్క అడుగు వేశానో లేదో, అది ఉన్నట్టే లేదు. పట్టు పరికిణీతో సహా బోర్లా వెళ్లి తాతయ్య పాదాల మీద పడ్డాను.

"చూశారా!" అంది నాయనమ్మ. "ఎవరూ చెప్పకుండానే సాష్టాంగపడింది నా తల్లి. ఎంత భయభక్తులో పిల్లకి!" నాన్న కళ్లు తుడుచుకున్నారు. పెదనాన్న కూడా మొహం అటు తిప్పుకున్నారు.

తాతయ్య నా తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండమ్మా" అన్నారు అందరికీ వినబడేట్టు. తర్వాత కాస్త ముందుకు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు అడిగారు. "తిమ్మిరా?"

"అవును తాతయ్యా."

"లేవమాక. కాసేపు అట్టాగే ఉండు. మీ నాయనమ్మ సంతోషపడతంది."

నేను ఆ పాదాల దగ్గర అలాగే పడుకుని, జీవితంలో మొదటిసారి తాతయ్య ముందు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. అన్నేళ్లూ ఆయనకు భయపడటంలో పడి, ఆయన నవ్వించగలరని ఎవరమూ చూసుకోలేదు. ఆ తర్వాత రేపల్లె వెళ్లినప్పుడల్లా ఆయన "ఏదే నీ డబ్బా" అనేవారు, నేను దర్జాగా కాలు మీద కాలేసుకుని వాయించేదాన్ని. మా నాన్న మాత్రం చివరిదాకా ఆయన ముందు రెండు కాళ్లూ నేలకు ఆనించే కూర్చున్నారు.

ఇప్పుడు బాపట్లలో ఉద్యోగం. గిటారు వాయించేవాళ్లు పాదం కింద పెట్టుకునే చిన్న పీట ఒకటి కొనుక్కున్నాను, దాన్ని ఎవరూ కళ్లకద్దుకోనక్కర్లేదు. నడుము నిటారుగా, భుజాలు వదులుగా, పుస్తకాల్లో చెప్పినట్టే కూర్చుంటాను. ఎలా కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. తాతయ్య పోయి నాలుగేళ్లయింది. ఆ రోజు చెమటలు కక్కుతూ వాయించిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత భయం దేనికే పిచ్చిమొహమా అని అడగాలనిపిస్తుంది. కానీ ఒక్కో సాయంత్రం పాట బాగా కుదిరినప్పుడు, నా కాలి వంక చూసి ఎవరైనా ఒక్కసారి దగ్గితే బాగుండునని కూడా అనిపిస్తుంది.