లేని వలకు వేసిన ముడులు

వల అల్లేటప్పుడు పిలిస్తే మా నాన్న పలికేవాడు కాదు. మొగల్తూరు దగ్గర మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. మొదలుపెట్టిన ముడి బిగించేదాకా చెయ్యి ఆపరు. సగంలో వదిలితే ముడి జారిపోతుంది, వలలో ఒక్క కన్ను జారినా చేపలు ఆ దారినే పోతాయి. అందుకే అమ్మ అన్నం వడ్డించబోతూ కాస్త ముందుగానే కేకేసేది, "ఆ ముడితో ఆపు మావా" అని. ఆ కేక వినని మధ్యాహ్నం మా ఇంట్లో ఉండేది కాదు.

అమ్మ పోయిన కొన్నేళ్ళకు నాన్న తలలో గడ్డ ఉందన్నారు. రాజమండ్రి ఆసుపత్రిలో ఆపరేషన్. గడ్డ మెదడులో కుడిచేతిని నడిపే చోటుకు దగ్గరగా ఉందట. ఆ చోటు సరిగ్గా ఎక్కడుందో తెలియాలంటే ఎమ్మారై గొట్టంలో పడుకుని, "కదపండి" అన్నప్పుడు వేళ్ళు కదపాలి, "ఆపండి" అన్నప్పుడు ఆపాలి. ఆ రెండింటి తేడా పట్టుకుని మెషీన్ ఆ చోటును బొమ్మలో చూపిస్తుంది.

రెండుసార్లు తీశారు. రెండుసార్లూ బొమ్మ అలికేసినట్టు వచ్చింది.

"మీ నాన్నగారికి వినపడదాండి? ఆపమన్నాక కూడా కదుపుతున్నారు," అన్నాడు టెక్నీషియన్.

నాకు ఒళ్ళు మండింది. "ఆయనవి పాము చెవులండి," అని అద్దంలోంచి లోపలికి చూశాను. నాన్న కుడిచేతి వేళ్ళు గాలిలో దారం తిప్పుతున్నాయి, బిగిస్తున్నాయి. ఉత్తినే వేళ్ళాడించడం చేతకాక ఆయన వల అల్లుతున్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

బయటికి తెచ్చాక అడిగితే, "ముడి సగంలో ఎలా వదిలేస్తానమ్మా?" అన్నాడు.

"అక్కడ వలే లేదు కదా నాన్నా."

"లేకపోతే మాత్రం, పని పాడుచెయ్యమంటావేంటి?"

మూడోసారి మైకు నాకివ్వమని టెక్నీషియన్‌ని బతిమాలాను. గడియారం చూసుకుంటూ, ఆపాల్సిన సమయానికి రెండు క్షణాల ముందే, అమ్మలాగా అన్నాను. "ఆ ముడితో ఆపు నాన్నా." అన్న ప్రతిసారీ వేళ్ళు ఆగాయి. బయటికొచ్చాక నాన్న కళ్ళు తుడుచుకుని, "గొంతు అచ్చం మీ అమ్మదే," అన్నాడు.

మర్నాడు డాక్టరుగారు బొమ్మ చూపించారు. శనగగింజంత ఎర్రటి మచ్చ.

"ఇదేనండి మీ చెయ్యి. గడ్డ మొత్తం తీసేస్తే ఈ చెయ్యి పడిపోతుంది. దీని పక్కన కొంచెం వదిలేస్తే చెయ్యి నిలుస్తుంది గానీ, గడ్డ తొందరగా మళ్ళీ పెరగొచ్చు."

చెయ్యి పోతే పోనీ, మనిషి ఇంకొన్నాళ్ళు ఉంటే చాలనుకున్నాను. నాన్న ఆ మచ్చను చాలాసేపు చూసి, "చెయ్యి ఉంచండి డాక్టరుగారూ," అన్నాడు. రెండు రోజులు ఆయనతో నేను మాట్లాడలేదు. ఆ మచ్చ అంత తేటగా కనపడేలా చేసింది నా గొంతేనని నా మీద నాకే కోపం.

ఆపరేషన్ అయ్యాక నాన్న రెండేళ్ళు వలలు అల్లాడు. తర్వాత గడ్డ మళ్ళీ పెరిగి మాట పడిపోయింది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం నేను ఆయన మంచం పక్కన కూర్చుని అన్నం తింటున్నాను. నా కంచంలోని చేపముక్క అందుకుని, కుడిచేత్తో ఒక్కో ముల్లూ ఏరి, చిన్నప్పుడు పెట్టినట్టే నా అన్నం మీద పెట్టాడు. పోతే పోనీ అని నేననుకున్న చెయ్యి అది. తలెత్తలేక, పెట్టిందంతా తిన్నాను.