ప్రెసిడెంటుగారి గొట్టం బిళ్లలు

బొల్లాపల్లి దగ్గర మా ఊరికి మా పెదనాన్న ప్రెసిడెంటు. చదివింది ఐదో తరగతి. అయినా ఎనభైల్లో మా ఊరి వైద్యం సగం ఆయన అరుగు మీదే జరిగేది. నరసరావుపేట పోయినప్పుడల్లా మందుల షాపులో ఎర్రా నల్లా గొట్టం బిళ్లలు కొనుక్కొచ్చి బిస్కెట్ల డబ్బాలో పోసేవాడు. జలుబన్నా, దగ్గన్నా, ఒళ్లునొప్పులన్నా రెండు బిళ్లలు. ఓట్లెక్కువున్న ఇల్లయితే నాలుగు.

నేనప్పుడు పక్కూళ్లో కొత్తగా మేస్టరుగా చేరాను. ఒకసారి ముక్కు కారుతుంటే నాకూ ఆ వైద్యమే జరిగింది. మూడో రోజుకి జలుబు అట్టాగే ఉంది, దానికి తోడు విరేచనాలు పట్టుకున్నాయి. వినుకొండ సర్కారు ఆస్పత్రికి పోయాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గొంతు చూసి, గుండె విని, చీటీ మీద ఏమీ రాయలేదు.

"జలుబుకి ఆ బిళ్లలు పనిచెయ్యవండీ. అవి పనిచేసే జబ్బులు వేరే ఉన్నాయి. ఆపేసి, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు తాగండి. జలుబు దానంతటదే పోతుంది. జ్వరం గానీ ఆయాసం గానీ వస్తే మళ్లీ రండి."

వారంలో కుదుటపడ్డాను. పెదనాన్న మాత్రం నావైపు జాలిగా చూశాడు.

"మందియ్యటం చేతగాని డాక్టర్ని మనకేసింది గవర్నమెంటు. బదిలీ చేయించాల."

అన్నట్టే పైవాళ్లకి అర్జీ రాయించాడు. రాసింది నేనే. ఊళ్లో దస్తూరీ బాగున్న మేస్టర్ని మరి.

అర్జీ గుంటూరు పోయిన వారంలోనే మిరప చేలో ఆయన బొటనవేలి కింద తుమ్మముల్లు దిగింది. ఇంటి బిళ్లలు మింగినా పాదం వాచి, చీము పట్టి, జ్వరమొచ్చింది. పెద్దమ్మ బండి కట్టించింది. డాక్టరమ్మ చీము తీసి కట్టుకట్టి, పది రోజులకి బిళ్లలిచ్చింది.

"ఇప్పుడు మటుకు ఇస్తన్నావే," అన్నాడు పెదనాన్న.

"ఇప్పుడు అవసరం పెద్దాయనా. తగ్గినట్టున్నా పది రోజులూ మింగాలి, ఒక్కపూట కూడా మానొద్దు."

నాలుగో రోజుకి జ్వరం తగ్గింది. ఐదో రోజు మిగిలిన బిళ్లలు డబ్బాలో పోసేశాడు. "తగ్గినాక మింగటమేంది, దండగ" అని, సాయంత్రం ఎదురింటి అత్త దగ్గుకి అందులోవే రెండిచ్చాడు. పెద్దమ్మ పోట్లాడింది. నేను గొణిగి ఊరుకున్నాను.

తొమ్మిదో రోజుకి వాపు పిక్క దాకా ఎక్కింది. చలికి వణుకుతూ పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే ట్రాక్టరు మీద వినుకొండకి, అక్కణ్ణించి నరసరావుపేటకి చేర్చాం. రెండు వారాలు సూదులు పొడిచారు. ప్రాణం దక్కింది గానీ బొటనవేలు తీసెయ్యాల్సొచ్చింది.

ఒక ఆదివారం డాక్టరమ్మ చూడ్డానికొచ్చింది. పెదనాన్న తల దించుకున్నాడు.

"నీ మీద అర్జీ పెట్టించానమ్మా."

"నాకు చూపించారు. దస్తూరీ బాగుంది," అందామె.

నేను కిటికీ వైపు తిరిగాను.

ఊరికొచ్చాక ఆయన చానా మారాడు. ఎవరు దగ్గుతూ వచ్చినా "ఆస్పత్రికి పోయి చూపించుకో, అక్కర్లేదంటే మానెయ్, ఇస్తే మొత్తం మింగు" అని పంపేవాడు. ప్రెసిడెంటుకి పొగరెక్కిందని జనం నొచ్చుకున్నారు. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచినాయన మంచోడే. అడిగినవాళ్లందరికీ ఇంటికే మనిషిని పంపి సూదులేయించేవాడు.