కొవ్వొత్తులు దాటాయి, కుడుకలు ఆగాయి

అది 2023 ఏప్రిల్. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద నేను ప్యాకింగ్ షాపు పెట్టుకుని నాలుగో ఏడు నడుస్తోంది. అంతకు ముందు పదకొండేళ్లు శంషాబాద్ వైపు ఒక కార్గో గోదాములో ప్యాకర్‌గా పనిచేశాను. గాజు సామాను, మందులు, పాలరాతి విగ్రహాలు, ఒకసారి బతికున్న రంగుచేపలు కూడా సర్ది విమానం ఎక్కించిన చేతులివి. విమానంలో ఏది పోతుందో, ఏది పోదో నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. షాపు ముందు బోర్డు మీద కూడా దాదాపు అదే రాయించుకున్నాను. ఆ బోర్డు చూసే అనసూయక్క లోపలికి వచ్చింది.

ఆమెది కనకమామిడి. అక్కడ ఒక ఫామ్‌హౌస్‌లో వంటకు కుదిరి, ఆ ఇంటి అమ్మగారి దగ్గర కొవ్వొత్తులు పోయడం నేర్చుకుంది. ఇప్పుడు తన ఇంట్లోనే పోస్తుంది. సొంత చేనులో పూసిన బంతిపూల రేకులను నీడలో ఎండబెట్టి మైనంలో వేస్తుంది. లోపలి రేకులు బయటికి లీలగా కనిపిస్తుంటాయి, వెలిగించాలంటే మనసు రాదు. అలాంటివి పన్నెండింటిని పాత చీరముక్కల మధ్య పెట్టి, అట్టపెట్టెలో తెచ్చింది.

అహ్మదాబాద్ వెళ్లాలట. చెల్లెలు స్వరూప అక్కడ ఫ్లాట్ కొనుక్కుంది, మూడు రోజుల్లో గృహప్రవేశం. టికెట్ మరిదే తీసి పంపించాడు. అనసూయక్క విమానం ఎక్కడం అదే మొదలు. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాక అసలు సంగతి చెప్పింది. ఆరేళ్ల కింద స్వరూప తనకు నచ్చిన గుజరాతీ అబ్బాయిని పెళ్లి చేసుకుంటే ఇంట్లో అందరూ మాటలు మానేశారు. మూడేళ్ల కింద తండ్రి పోయాడు. ఆ కబురు కూడా స్వరూపకు అన్నీ అయిపోయాకే చేరింది. తమ్ముడు ఇప్పటికీ ఆ పేరు ఎత్తనివ్వడు. ఈ శుభకార్యానికి పుట్టింటి తరఫున వెళ్లేది అనసూయక్క ఒక్కతే, అదీ తమ్ముడితో గొడవపడి.

"నేను పోకుంటె దానికి పుట్టిల్లు లేనట్టే అన్న. మా చేనుల పూలు దాని ఇంట్ల వెలగాలె. ఒక్కటి ఇరిగినా నా పానం ఒప్పది," అన్నది.

ఫికర్ చేయొద్దని చెప్పి పని మొదలుపెట్టాను. కొవ్వొత్తికి విమానం కంటే ఎండ ఎక్కువ ప్రమాదం. కౌంటర్ దగ్గర ఇచ్చేసే పెద్ద సంచిని చెకిన్ బ్యాగేజ్ అంటారు. అది విమానం కడుపులోకి చేరేలోపు ట్రాలీ మీద ఎంతసేపు ఎండలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని కొవ్వొత్తులను హ్యాండ్ బ్యాగేజ్‌లోనే, అంటే మన వెంట సీటు దాకా వచ్చే సంచిలోనే పెట్టుకోమన్నాను. గట్టి మైనం కాబట్టి సరిపోయింది. అదే జెల్ కొవ్వొత్తులైతే వాటిని ద్రవం కింద లెక్కగట్టి చేతి సంచిలో రానివ్వరు.

ఒక్కోదానికి ముందు బటర్ పేపర్ చుట్టాను. చాలామంది నేరుగా బబుల్ రాప్, అదే గాలిబుడగల ప్లాస్టిక్, చుట్టేస్తారు. ఎండాకాలంలో మైనం కొంచెం మెత్తబడిందంటే ఆ బుడగలన్నీ కొవ్వొత్తి ఒంటి మీద అమ్మవారు పోసినట్టు అచ్చుపడతాయి. పేపర్ మీద బుడగల ప్లాస్టిక్, ఆ పైన అట్టముక్కలతో గదులు. మిగిలిన ఖాళీల్లో నలిపిన కాగితం కుక్కాను. దీన్ని మా భాషలో వాయిడ్ ఫిల్ అంటారు. పెట్టెను ఊపితే లోపల చప్పుడు రాకూడదు. పైన టేపు మాత్రం ఒక్క వరుసే వేశాను. మైనం ముద్దలు స్క్రీనింగ్ యంత్రంలో అనుమానంగా కనిపించవచ్చు. అడిగితే చటుక్కున తెరిచి చూపించి, మళ్లీ మూసుకునేట్టు ఉండాలి.

అగ్గిపెట్టె ఉందా అని అడిగాను. ఉంది, తీయించాను. కర్పూరం ఉందా అంటే అదీ ఉంది. దీపం పెట్టే ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తామని తెచ్చుకుందట. అదీ తీయించాను. కార్గోలో వీటిని డేంజరస్ గూడ్స్ అంటారు, మంట అంటుకునే సరుకు. ఆ జాబితా నా షాపు గోడకే అంటించి ఉంది. దాన్ని చూపిస్తూ ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాననే గుర్తు.

పెద్ద సంచిలో చీరల పైన పసుపు గుడ్డలో కట్టిన మూట ఒకటి ఉంది. అది ఒడిబియ్యమని చూడగానే తెలిసింది. పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యాన్ని కొంగులో పోసి పంపిస్తారు. నువ్వు ఇంకా మా ఇంటి పిల్లవే అని చెప్పడం అది. తల్లి గానీ అన్నదమ్ములు గానీ చేయాల్సిన పని అక్క ఒక్కతే భుజాన వేసుకుని పోతోంది. ఆ మూటను విప్పి చూపించమనడానికి నాకు నోరు రాలేదు. ఇంకొకరింటి ఒడిబియ్యం మీద మగవాడు చెయ్యి వేయడమేమిటని మొహమాటపడ్డాను. బియ్యమే కదా, బియ్యానికి అడ్డేముందిలే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున పది గంటలకు విమానాశ్రయం నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, జర ఇను. కొవ్వొత్తులకేం అనలే. మూటల కుడుకలున్నయట, అవి పోవంటున్నరు."

కుడుకలంటే ఎండుకొబ్బరి చిప్పలు. ఒడిబియ్యంలో అయిదు కుడుకలు, అయిదు ఖర్జూరాలు, అయిదు పసుపుకొమ్ములు ఉండాల్సిందే. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి రాజుకోవచ్చని విమానాల్లో వద్దంటారు. నేను ఉపన్యాసమిచ్చిన జాబితాలో అది నాలుగో వరుసలో ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే తలెత్తి చూశాను. నాలుక కరచుకున్నాను. పదకొండేళ్లు ఆ పేరు చదువుతూనే ఉన్నాను గానీ, ఒడిబియ్యంలోని కుడుకను ఏ రోజూ సరుకుగా చూడలేదు.

తీసేసి వెళ్లిపో అక్కా అన్నాను.

"కుడుకలు లేకుంట ఒడి ఎట్ల నింపాలె అన్న? పుట్టింటోళ్లు సగం మనసుతోని పంపిన్రనుకుంటది."

అప్పుడు అక్కడి స్క్రీనింగ్ మేడమ్ ఫోన్ తీసుకున్నది. ఆమె పేరు నేను అడగలేదు, ఇప్పటికీ తెలియదు. కసురుకుంటుందేమో అనుకున్నాను.

"మాది గూడ ఈ దిక్కే అన్న, ఒడిబియ్యం సంగతి నాకెరుకే. మూట నేను ముట్టలే, ముడి ఆమెతోనే ఇప్పించిన. తక్కినయన్ని పోతయి, కుడుకలకే రూల్ ఒప్పుకోదు. చెత్తల ఏస్తె ఆమె పానం ఒప్పది. ఇంక టైమున్నది, ఎవరన్న గేటు కాడికొస్తె ఇచ్చిపోతది."

షట్టర్ దించి బండి తీశాను. దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. వెళ్లేసరికి అద్దాల తలుపు దగ్గర అనసూయక్క నిలబడి ఉంది. చేతిరుమాలులో అయిదు కుడుకలు కట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తప్పు నాదే అక్కా, నేను అడగాల్సింది అన్నాను. నాలుగు మాటలంటే పడదామని సిద్ధపడే వెళ్లాను.

"ఉన్నవు గాబట్టి నీ చేతుల పెట్టి పోతున్న. లేకుంటె యాడ పారేద్దును," అని రుమాలు నా చేతిలో పెట్టింది. అంతే. ఆ అద్దాల అవతలికి ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

కుడుకలను మా ఇంటామె దేవుడి గూట్లో పెట్టింది. నాకు మాత్రం రెండు వారాలు మనసు మనసులో లేదు. కనకమామిడి నుంచి ఎవరు వచ్చినా ఆరా తీయాలనిపించేది, మళ్లీ ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకునేవాణ్ని.

చివరికి ఆమే వచ్చింది, మిఠాయి డబ్బాతో. పన్నెండు కొవ్వొత్తులూ చెక్కుచెదరకుండా చేరాయని ముందు ఆ మాటే చెప్పింది. నా సంగతి కనిపెట్టే అలా చెప్పిందనుకుంటాను. తర్వాత నెమ్మదిగా మిగిలింది చెప్పింది.

మొదటి రోజు స్వరూప చుట్టానికి చేసినట్టే మర్యాదలు చేసిందట. చాయ్ ఇచ్చింది, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది, అంతకు మించి మాట లేదు. ఇంటి నిండా అత్తగారి వైపు వాళ్లే. మర్నాడు పొద్దున మూట విప్పాక, కుడుకలు ఎందుకు లేవో అనసూయక్క దాచకుండా చెప్పేసింది. స్వరూప కాసేపు మూటకేసి చూసి, చెప్పులు వేసుకుని, "పా అక్కా, బజార్ల దొరుకుతయి," అన్నదట. ఆరేళ్ల తర్వాత అక్కా అని పిలవడం అదే.

ఇద్దరూ నడిచి వెళ్లి అయిదు కుడుకలు కొన్నారు. తిరిగి వస్తుంటే స్వరూప రోడ్డు పక్కన ఆగిపోయింది.

"బాపు ఆఖరికి నన్ను అడిగిండా?"

అనసూయక్క నా ముందు కూర్చుని ఆ మాట చెబుతూ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అడిగిండని చెప్పిన అన్న. నాలుగు దినాలు అడిగిండు. ఫోను నా చేతులనే ఉండె. తమ్మునికి భయపడి నేనే చెయ్యలే. గదే చెప్పిన."

స్వరూప ఆ నడిరోడ్డు మీదే కుడుకల సంచి పట్టుకుని ఏడ్చిందట. తిడుతుందనుకుంటే, అడిగిండు గద అక్కా, నాకు గది చాలు అన్నదట. ఇంటికి వచ్చి పీట మీద కూర్చుని కొంగు పట్టింది. సాయంత్రం పన్నెండు కొవ్వొత్తులూ తనే వెలిగించింది.

"ఇంట్ల అయితె అది అడగకపోవు, నేను చెప్పకపోదును. నువ్వు మరిచిందే మంచిగైంది," అన్నది అనసూయక్క.

ఆమె పెద్ద మనసుకు దండం పెట్టాను. పేరు తెలియని ఆ మేడమ్‌కు కూడా మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను. నిబంధన తప్పకుండానే ఒక ఆడమనిషి పరువు నిలబెట్టింది. కానీ నేను చేసింది మంచిదని మాత్రం ఇప్పటికీ అనుకోను. వాళ్ల మంచితనం వల్ల నా తప్పు గట్టెక్కింది, అంతే. ఇప్పుడు నా షాపుకు ఏ మూట వచ్చినా, ఎంత మడిగా తెచ్చినా, దండం పెట్టి మరీ లోపల ఏముందని అడుగుతాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు, అయినా అడుగుతాను. తండ్రి గురించి ఆ ఒక్క మాట అడగడానికి స్వరూపకు మూడేళ్లు పట్టింది. ఆ రోజు అడిగి ఉంటే నాకు ఒక్క నిమిషం పట్టేది.