ఎడమచేతి ముడి

మా ఆవిడ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. ఆమె టీ పెట్టి, వాళ్లమ్మకి గ్లాసు చేతికిచ్చి, అటక మీది పాత వల దించమంది. దించాను. వసారాలో పరుచుకుని తెగిన వల కళ్లు అల్లుతూ కూర్చుంది. ఏటా దసరా వెళ్లాక చేసే పనే. నేను ఆఫీసుకి చొక్కా వేసుకుంటున్నాను. "బావా, గుండెకాడ పట్టేసినట్టుంది" అంది. వెదురు సూది ఇంకా చేతిలోనే ఉంది. నీళ్లిచ్చాను. తాగలేదు. పక్కింటాయన పరుగెత్తి రిక్షా తెచ్చాడు. పల్లపు రోడ్డులో మోకాలి లోతు నీళ్లు. రిక్షా అతను ముందు లాగాడు, మేమిద్దరం వెనకనుంచి తోశాం. దారిలో ఒకసారి కళ్లు తెరిచి, "అమ్మ ఒక్కర్తీ ఉంది" అంది. ఆస్పత్రి మెట్ల దగ్గర దించేటప్పటికే చెయ్యి చల్లగా ఉంది. డాక్టరు గారు చూసి తల అడ్డంగా ఊపారు. పదిన్నర అయి ఉంటుంది. ఆమెకి నలభై నాలుగేళ్లు.

వల వసారాలో అలాగే ఉంది. అల్లాల్సిన కళ్లు ఇంకా మూడు మిగిలాయి.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మద్దిలపాలెం డిపో ఎదురుగా గంప దించి చేపలమ్మే మనిషిగా కొందరికి గుర్తుండవచ్చు. నా మేనమామ కూతురు. మామకి మగపిల్లలు లేరు. అందుకని వల పని కూతురికే నేర్పాడు. మా ఇళ్లలో కాలేజీకి వెళ్లిన మొదటివాణ్ణి నేను. బి.ఏ. పాసై పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా ఇళ్లలో ముడి వెయ్యడం రాని మొదటివాణ్ణి కూడా నేనే. పెళ్లయిన కొత్తలో నేను కట్టిన బట్టల తాడు మూడోరోజుకే ఊడి, తడి పంచెలన్నీ ఇసుకలో పడ్డాయి.

"బియ్యే సదివినావు గదా బావా, ముడెయ్యడం సెప్పనేదేటి ఆ కాలేజీలో?" అంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాడు మళ్లీ ఆమే కట్టింది.

మాది జాలరిపేట. రెండు గదుల పెంకుటిల్లు. సముద్రానికి ఎంత దగ్గరంటే, పోటు మీద ఉన్నప్పుడు మంచం కోళ్లలో చప్పుడు తెలుస్తుంది. వేరే ఊళ్లవాళ్లకి తుఫాను పేపర్లో వచ్చే వార్త. మాకు అది కప్పు మీదికి వస్తుంది. పెంకు ఒక్కటి లేస్తే చాలు, ఆ సందులోంచి గాలి దూరి మిగతావాటిని పేకముక్కల్లా తీసేస్తుంది. అందుకే మా పేటలో తుఫాను ముందు కప్పు మీద పాత వల పరుస్తారు. నాలుగు వైపులా చూరు దాటి కిందికి వేలాడేలా లాగి, అంచులకి ఇసుక బస్తాలు కడతారు. సముద్రంలో చేపని పట్టిన వల, ముసలిదయ్యాక ఇంటిని పట్టుకుంటుంది.

మా సందులో తొమ్మిది ఇళ్లకి వల పరిచింది ఆమే. పెంకులు విరక్కుండా కప్పు మీద ఒక నిచ్చెన పడుకోబెట్టి, దాని మీద బోర్లా పాకుతూ వెళ్లేది. నేను కింద తాడు పట్టుకునేవాణ్ణి. నా వంతు పని ఇంకొకటి ఉంది. పోర్టులో తుఫాను హెచ్చరిక నంబరు ఎగరేస్తే ఆఫీసులో ముందే తెలుస్తుంది. సైకిలెక్కి వచ్చి సందులో చెప్పేవాణ్ణి. నా నంబరు విని మగవాళ్లు పడవలు పైకి లాక్కునేవారు, ఆమె వల దించేది. నంబరు పెరిగేకొద్దీ ముప్పు పెరిగినట్టు. చాలామంది ఎనిమిదో నంబరు దాకా ఆగుదామనేవారు.

"మూడో నంబరుకి మనం కట్టాల. పదో నంబరొచ్చినాక గంగమ్మే కట్టాల" అనేది ఆమె.

ఆమెకి భయం లేదని సందంతా అనుకునేది. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. ఎక్కే రోజు పొద్దున్న మెతుకు ముట్టదని, అరచేతులు మాటిమాటికీ కొంగుకి తుడుచుకుంటుందని తర్వాత గమనించాను. దిగాక వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడేది. మోకాళ్ల వణుకు తగ్గేదాకా. ఒకసారి చూసేశాను.

"సూసీసినావా?" అంది. "ఎవలికీ సెప్పకు. బయమున్నోడే ముడి రెండుమార్లు సూస్తాడు బావా. బయం నేనోడు పైకెక్కకూడదు."

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

డెబ్బైల్లో ఒక నవంబరు. పెద్ద తుఫాను. పేటలో పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని "వల ఊడిన గాలి" అంటారు. వల మూడో నంబరుకే పరిచాం. పొద్దుటినుంచి ఉత్తరపు గాలి. ఆ చప్పుడు ఎలా ఉంటుందో రాయలేను. తలుపు గడియ దానంతట అది కొట్టుకునేది. వీధిలో ఎవరిదో రేకు దొర్లుకుంటూ పోయింది. మా మామ అప్పటికే లేడు. అత్త సముద్రం వైపు పాకలో ఒక్కతే ఉంది. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. మబ్బు పలచబడి వెలుతురు కూడా వచ్చింది. ఆమె అత్తని తీసుకురావడానికి పరుగెత్తింది. వెళుతూ, "కప్పు జోలికెల్లకు బావా" అంది.

వెళ్లాను. తుఫాను దాటిపోయిందనుకున్నాను. నంబర్ల భాష తెలిసినవాణ్ణి కదా, గాలి సంగతి కూడా తెలుసనుకున్నాను. దక్షిణం వైపు నాలుగు పెంకులు జారి ఉన్నాయి. వల అడ్డంగా ఉంటే వాటిని సర్దడం కుదరదు. ఆ వైపు బస్తాలు విప్పేశాను. ఉత్తరం వైపు గోడకి ఒక నిచ్చెన, కప్పు మీద ఇంకొకటి వేసుకుని నడికప్పు దాకా పాకాను. మొదటి పెంకు సర్దుతుండగా సందు చివర ఆమె కనిపించింది. విరిగిన కొమ్మల మధ్యనుంచి అత్తని చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. నన్ను చూసి నిలబడిపోయింది.

"దిగు బావా! దిగు! గాలి పోనేదు, ఊపిరి తీస్తంది!"

నాకు అర్థం కాలేదు. సముద్రం వైపు చూశాను. దక్షిణాన ఆకాశం నల్లగా నేల మీదికి వంగి ఉంది. తర్వాత ఏదీ చూడలేదు. పొద్దుటి గాలికి సరిగ్గా ఎదురుదిక్కునుంచి వచ్చి కొట్టింది. గోడకి వేసిన నిచ్చెన ఎగిరిపోయింది. నా కిందున్న నిచ్చెన జారిపోయింది. వల కళ్లల్లో వేళ్లు దూర్చి, మొహం పెంకులకి ఆనించి పడుకున్నాను. నేను విప్పేసిన వైపు వల లేచి నా వీపు మీద కొరడాలా కొడుతోంది. కదల్లేను. నోరు తెరిస్తే ఊపిరి ఆడదు. చచ్చిపోతానని తెలుసు. ఆ ముక్క తప్ప బుర్రలో మరేమీ లేదు.

కాసేపటికి మడమ మీద ఒక చెయ్యి పడింది.

అత్తని గడప లోపలికి తోసి, ఉత్తరం వైపు చూరు నుంచి వేలాడుతున్న వల పట్టుకుని ఆమె పైకొచ్చింది. ఆ వైపు ఆమె కట్టిన ముళ్లు ఊడలేదు. నా మడమ పట్టుకుని కాలివేళ్లు వల కంట్లో దూర్చింది.

"ఈ కాలు," అంది. "ఇప్పుడు ఆ కాలు."

నేను కదల్లేదు. "నావల్ల కాదు" అన్నాను. అన్నానో, అనుకున్నానో.

"నీవల్ల కాదని నాకూ తెలుసు. కాలొక్కటీ ఒగ్గు. నాను పెడతాను."

అలా ఒక్కొక్క కన్నే దాటిస్తూ నన్ను దింపింది. చూరు దగ్గరికి వచ్చాక వెనక పెంకులు లేచాయి. ఒకటి ఆమె కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గాలిలో వినబడలేదు. నేల మీదికొచ్చి చెయ్యి చూశాక తెలిసింది. ఆ సాయంత్రం దాకా ముగ్గురం మంచం కింద కూర్చున్నాం. దక్షిణం వైపు కప్పు మొత్తం పోయింది. మంచం మీద పెంకుముక్కలు పడుతుంటే ఆమె ఎడమచేత్తో నా మోకాలు పట్టుకుని ఉంది. నన్ను ఓదార్చడానికని అప్పుడు అనుకున్నాను. ఆమె చెయ్యి కూడా వణుకుతోందని ఇప్పుడు గుర్తొస్తోంది.

మర్నాడు రోడ్ల మీద చెట్లు, స్తంభాలు. సందులో వాళ్లంతా మా కప్పు ముందు నిలబడ్డారు. ఒక వైపు ముళ్లు విప్పి ఉండటం అందరికీ కనిపిస్తోంది. నేను నోరు తెరిచేలోపు ఆమె అంది: "నానే ఇప్పినాను. గాలి ఎల్లిపోనాదనుకున్నాను."

ఎవరో నవ్వారు. "వలోడి కూతురే ముడిప్పీసిందంటే ఇంక మాకేటి దిక్కు!"

ఇంట్లోకి వచ్చాక ఎందుకలా అన్నావని అడిగాను. చేతికి కట్టు కట్టించుకుని గోడకి ఆనుకుని ఉంది.

"నా ముడి తప్పనుకుంటే ఇంకోపాలి ఆళ్లే సూసుకుంటారు. నీకు తెల్దనుకుంటే, రేపు నువ్వు నంబరు సెప్తే ఒక్కడూ పడవ లాగడు. మనుసులు పోతారు బావా. నవ్వితే నవ్వనీ."

ఆ కుడిచెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. గంప ఎత్తుకోవడానికి పక్కవాళ్ల సాయం కావలసి వచ్చేది. ముడి వెయ్యడం ఎడమచేత్తో కొత్తగా నేర్చుకుంది. ఒక చలికాలమంతా మంచం కోడుకి తాడు కట్టి విప్పుతూ కూర్చుంది. ఆ ముడి మా పేటలో మరెవరి ముడిలాగానూ ఉండదు. తిరగేసి ఉంటుంది. మరుసటి ఏడు మళ్లీ కప్పెక్కింది. నంబరు చెబితే సందంతా నన్ను నమ్మింది. నమ్మిన ప్రతిసారీ నేను తల దించుకున్నాను. పదేళ్లు ఆ నింద ఆమెతో మోయించాను. ఆమె దాని గురించి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాది మంచితనం కాదు, పిరికితనం.

ఇవాళ మధ్యాహ్నం పోర్టులో మూడో నంబరు ఎగిరింది.

సైకిలెక్కి వచ్చి సందులో చెప్పాను. పక్కింటాయన అరుగు మీద ఉన్నాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పని ఆయనది. భారీ మనిషి. ఒకసారి కప్పెక్కి సాయం చేస్తానంటే మా ఆవిడ, "నువ్వెక్కితే తుపానెందుకన్నా, కప్పు దానికదే దిగిపోద్ది" అని ఆపేసింది. ఆ మాట ఆయనే ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతాడు.

"ఈపాలి మనకి ఎవలు కడతారు బావా?" అన్నాడు. "మీ అత్తని బడికాడికి మోసుకెల్దుమా?"

తుఫానుకి పేటవాళ్లు తలదాచుకునేది బడిలోనే. అత్త ఇప్పుడు నడవలేని మనిషి. లోపల్నుంచే కేకేసింది. "నాను రాను. నా కూతురు కట్టిన ఇల్లిది. సత్తే దీనికిందే."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ యమ్మ సేతి ముడి గట్టిదే గానీ, ఆ ఏడు ఒక్కపాలి ఇప్పీసింది సూడు, అదే..."

"విప్పింది నేను" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. సందులో ఇంకో ఇద్దరు ముగ్గురు విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి మొహం తుడుచుకున్నాడు.

"పదేల్లు ఆ మనిసిని ఎగతాలి సేసినాం," అన్నాడు. "నానైతే కడుపునిండా." తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, "నిచ్చెన నాను పట్టుకుంటాను. నువ్వెక్కుతావా?" అన్నాడు.

ఇప్పుడు దీపం పెట్టే వేళ. వసారాలో వల ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. అంచున కిందటేడు తాళ్లు అలాగే ఉన్నాయి. ఒక ముడి విప్పి చూశాను, ఎలా వేసిందో తెలుస్తుందని. విప్పాక మళ్లీ వెయ్యలేకపోయాను. నాలుగోసారికి వచ్చింది. అరచేతులు చెమట పడుతున్నాయి. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఆ మూడు కళ్లు అల్లడం నాకు రాదు. అవి అలాగే ఉంటాయి.

రేపు పొద్దున్న వెలుతురు రాగానే నిచ్చెన వేస్తాను. ఉత్తరం చూరు వైపునుంచి ఎక్కుతాను. దక్షిణం వైపు ముడి రెండుసార్లు చూసుకుంటాను. తర్వాత పక్కింటికి, ఆ పై ఇంటికి, తొమ్మిది ఇళ్లకీ వెళతాను. గాలి మధ్యలో ఆగితే గడప దాటను, ఎవరినీ దాటనివ్వను. ఎక్కేటప్పుడు కిందికి చూడను. ఈ కాలు. ఇప్పుడు ఆ కాలు.