ముగింపు ముందే చెప్పే మామయ్య

చెన్నకేశవులు గారికి ఏ సంగతైనా చివరి నుంచి చెప్పడం అలవాటు. దేశ రాజధానిలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఏ ఫైలు వచ్చినా ఆఖరి పేజీయే ముందు చదివేవారు. ఉద్యోగం అయిపోయింది, అలవాటు మిగిలింది. "చివరికి తాళం ఆవిడ కొంగునే ఉందర్రా!" అని పొట్ట పట్టుకుని నవ్వేసి, ఆ తర్వాత "ఒకాయన ఇంటి తాళం పోగొట్టుకున్నాడట" అని జోకు మొదలుపెడతారు.

బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ అంతే. పొద్దున్నే "జవాబు: ఆక్టోపస్" అని పెడతారు. అందరి కాఫీలూ అయ్యాక "మూడు గుండెలున్న జంతువేది?" అని ప్రశ్న వస్తుంది. ఒకసారి "ఆడపిల్ల!" అని పెట్టి స్నానానికి వెళ్లిపోయారు. పుట్టింది ఎవరికో తెలియక చుట్టాలందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకున్నారు.

అలాంటి మనిషి ఇంట్లో వ్రతమని మయూర్ విహార్ బయల్దేరిన మేనకోడలు శ్రీవల్లికి ఆ ఆదివారం ఒకటే భయం. ఆమె అదే నగరంలోని కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. ముందురోజు ఫలితాలొచ్చాయి. జాబితాలో ఆమె హాల్‌టికెట్ నంబరు లేదు. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేయబోయి, మోగేలోపే పెట్టేసింది. అయినా ఈ కబురు అమ్మ తన నోటి నుంచే వినాలి. మామయ్యకేమో ఆ హాల్‌టికెట్ నంబరు కంఠతా వచ్చు. "మన శ్రీవల్లి నంబరులో అంకెలన్నీ కూడితే తొమ్మిది" అని గ్రూపులో పెట్టింది ఆయనే.

గుమ్మంలో ఆమెను చూడగానే మామయ్య నోరు తెరిచారు. శ్రీవల్లి కళ్లు మూసుకుంది.

"చెప్పులు అక్కడ విడువమ్మా" అన్నారాయన.

ప్రసాదం చేతిలో పడిందో లేదో, సాకేత్ నుంచి వచ్చిన కస్తూరి పిన్ని పక్కకు చేరింది. "ఏమే, రిజల్ట్స్ వచ్చాయటగా? అక్కకు ఫోన్ కలపనా?" అంటూ ఫోను తీసింది. గదంతా ఇటు తిరిగింది. శ్రీవల్లి ప్రసాదమంతా ఒకేసారి నోట్లో కుక్కుకుంది.

"ఆగండర్రా, ఒక జోకు!" మామయ్య లేచి నిలబడ్డారు. "ఒక బట్టతలాయన దువ్వెన కొనడానికి బజారుకు వెళ్లాడట..."

అందరూ నిర్ఘాంతపోయారు. జోకు మొదటి నుంచి మొదలైంది! ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు. "ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"ఆగే క్యా హువా, మామా?" అని తర్వాతేమైందో అడిగింది పిన్ని కూతురు నేహా.

"చెప్పను."

"అదేంటన్నయ్యా! ఇంతకీ దువ్వెన కొన్నాడా, లేదా?" పిన్ని ఫోను పక్కన పడేసి ఆయన మీదికి వెళ్లింది.

ఆ గొడవలో శ్రీవల్లి బాల్కనీలోకి జారుకుంది. కాసేపటికి మామయ్యా వచ్చారు.

"మీకు తెలుసు కదూ మామయ్యా?"

"నిన్ననే చూశానే. అది నువ్వు చెప్పాల్సిన మాట. అమ్మకు ఫోన్ చెయ్యి, వీళ్లను నేను ఆపుతా."

"ఇంతకీ ఆ బట్టతలాయన ఏం చేశాడు?"

"నాకేం తెలుసే? నేనెప్పుడైనా మొదటి నుంచి చెప్పానా!" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

అమ్మ ఒక్క రింగుకే ఎత్తింది. "పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడే. 'పిల్ల ధైర్యంగా ఉంది, ఏం ఫర్వాలేదు' అని పెట్టేశాడు. ఏమైందిరా దేవుడా అని మళ్లీ చేస్తే ఎత్తడు. ఆఖరు మంచిదే కదా అని గుండె దిటవు చేసుకుని కూర్చున్నా. ఇప్పుడు మొదలు నువ్వు చెప్పు."

ఏడుపు రావలసిన చోట శ్రీవల్లికి నవ్వొచ్చింది. "నిన్న ఫలితాలొచ్చాయమ్మా..." అని మొదలుపెట్టింది.